కంబళిపై కదిలిన బొమ్మలు: శ్రీ రంగనాథన్‌గారి పన్నెండేళ్ల సేవ

పంతొమ్మిది వందల అరవై ఏడవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీన, సన్నని తుంపరలో కొండలు కరిగిపోతున్నట్లు కనిపించిన ఒక సోమవారం ఉదయం, శ్రీ రంగనాథన్‌గారు ధర్మపురిలోని మన ఆరోగ్య ప్రచార కార్యాలయంలో చిత్రకారులుగా ప్రవేశించారు. సేలం అంగళ్లకు పేర్లు రాసి జీవించిన ఆయనకు వయోపరిమితి సడలించి ఈ ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి ఆయనకు నలభై మూడేళ్లు.

ఆనాడు మన బోధనా సామగ్రి అంతా ఒక బరువైన చెక్క బోర్డు. ఇద్దరు మోయాలి, బస్సు పైకెక్కించాలి, బస్సు ఆగినచోటే అదీ ఆగిపోవాలి. అరవై తొమ్మిది వానకాలంలో ఏరియూరు అవతలి పల్లెలో విరేచనాలు ప్రబలినప్పుడు ఆయన బోర్డును దారిలో వదిలి, ఒట్టి చేతులతో నడిచి వెళ్లి మాటలతో చెప్పారు. ఎవరూ వినలేదు. ఆ వారంలో ముగ్గురు పసివాళ్లు పోయారు. తిరిగివచ్చిన రంగనాథన్‌గారు చాలా రోజులు కుంచె ముట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన ధర్మపత్ని సౌభాగ్యంగారు తలగడ విప్పి దూది ఏకుతుండగా, గాలికి లేచిన పింజలు దండెం మీది నల్ల కంబళికి అంటుకుని, చీకటి ఆకాశంలో మబ్బుల్లా నిలిచిపోయాయి. ఆయన కలలో ఉన్నవారిలా చూస్తూ కూర్చున్నారు.

“ఏమట్ల చూస్తా ఉండారు?”

“ఆ దూది కిందికి రాలలేదు, చూసినావా సౌభాగ్యం?”

“కంబళికి దూది అంటుకోక ఏమవుతుంది? ఎత్తుకుపోయి దులపండి.”

ఆయన దులపలేదు. రెండు వెదురు చట్రాలకు ఆ కంబళినే బిగించి, మధ్య మడతబందులు వేసి పుస్తకంలా మూసుకునేట్లు చేశారు. గుడ్డమీద బొమ్మలు గీసి కత్తిరించి, వెనుక గరుకైన ఉప్పుకాగితం అంటించారు. ఆనిస్తే నిలిచేవి, లాగితే వచ్చేవి. భుజానికి తగిలించుకుంటే నెలల బిడ్డంత బరువు.

డెబ్బై ఒకటిలో మళ్లీ అదే పల్లెలో జబ్బు తలెత్తింది. ఈసారి కంబళి బోర్డు ఆయన భుజాన పొలం గట్ల మీదుగా వెళ్లింది. అక్కడి కూలి కుటుంబాలవారు ఇళ్లలో తెలుగే మాట్లాడుతారు. ఏ లిపీ చదవలేరు. బొమ్మలో తల్లి ఒడిలో బిడ్డ ఉంది. ముందు కూర్చున్న కరుప్పాయి ఒడిలోనూ వాడిపోయిన బిడ్డ ఉంది. ఆమె బొమ్మవైపే చూసి అడిగింది:

“అయ్యా, ఈయమ్మకి మొగుడు లేడా? తెల్ల కోక కట్టించినారే.”

రంగనాథన్‌గారు తెల్లబోయారు. “ఉండాడమ్మా. రంగు వేసేది నేనే మరిచినాను.”

కరుప్పాయి తన చిరిగిన ఎర్రకోక కొంగు నుంచి పేలిక చించి ఇచ్చింది. ఆయన దాన్ని కత్తిరించి బొమ్మకు చుట్టి, గంజిచెంబు బొమ్మను ఆమె చేతికే అందించారు.

“యాడ పెట్టాల్నో నువ్వే పెట్టు తల్లీ.”

ఆమె దాన్ని బొమ్మలోని బిడ్డ నోటి దగ్గర ఆనించింది. అది నిలిచింది. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

“నీళ్లు తాపితే బేదులు ఎక్కువైతాయని మా అత్త అంటుంది.”

అత్త అంగమ్మాళ్ వెనుకనే నిలబడి ఉంది. ఆయన ఆమెతో వాదించలేదు. “ఒంట్లో నీళ్లన్నీ పోతా ఉండాయి పెద్దమ్మా, పొయ్యకుంటే యాడనుంచి వస్తాయి?” అని మాత్రం అన్నారు. అంగమ్మాళ్ చాలాసేపు బొమ్మను చూసింది. లోపలికి పోయి, ఉప్పేసిన పలుచని గంజి తెచ్చి, మనుమడి పెదవులు తానే తడిపింది.

మూడవనాడు, కార్యక్రమం లేకపోయినా, సెలవు పెట్టి ఆయన అక్కడికి నడిచారు. గుడిసె ముందు బిడ్డ ఏడుస్తున్నాడు. అంత బలమైన ఏడుపు ఏ సంగీత కచేరీలోనూ వినలేదని ఆయన ఇప్పటికీ అంటారు.

తరువాతి ఎనిమిదేళ్లలో ఆయన చేతులమీదుగా అటువంటి బోర్డులు నలభైకి పైగా తయారయ్యాయి. అదియమాన్‌కోట్టై మొదలు అడవి అంచు పల్లెల వరకు, మనలో ప్రతి ఒక్కరి భుజమూ వాటి పట్టీ ఒరపిడి ఎరుగును. తన పేరు వాటిమీద రాయడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

పదవీ విరమణ తరువాత ఏ బొమ్మ వేస్తారని మొన్న అడిగితే, “ఎవరికీ ఏమీ నేర్పనిది ఒకటి వేయాల,” అన్నారు. ఆ చిత్రం తొందర లేకుండా సాగాలనీ, అందుకు కావలసిన చూపూ, చేతిసత్తువా, సౌభాగ్యంగారి సాహచర్యమూ వారికి నిండు నూరేళ్లు ఉండాలనీ మన కార్యాలయమంతా మనసారా కోరుకుంటున్నది.