నాలుగు సెకన్లు ఆగిన మనిషి

పంతొమ్మిది వందల తొంభై మూడు జూన్ పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం సరిగ్గా పది గంటలకు, మనమందరం గడియారం మాస్టారని పిలుచుకునే మాన్యులు మన మానవ ప్రవర్తనా పరిశోధన కేంద్రంలో ఉద్యోగ ప్రవేశం చేశారు. హాజరు పట్టీకి ఎదురుగా ఉన్న గోడగడియారం అప్పుడు పది గంటల మూడు నిమిషాలు చూపుతున్నది. ఆయన మాత్రం పది అనే రాశారు. "చేరిన రోజే టైము దిద్దుతున్నారేంటండీ?" అని గుమాస్తాగారు గద్దించగా, "నేను దిద్దింది టైము కాదండీ. మీ గడియారమే మూడు నిమిషాలు ముందుంది" అని వినయంగా విన్నవించి, మధ్యాహ్న విరామంలో స్టూలెక్కి దానిని దారికి తెచ్చారు. ఆలస్యానికి గోడ మీద నెపం పెట్టే భాగ్యాన్ని ఈ కేంద్రం ఆనాడే కోల్పోయింది.

అంతకుముందు తొమ్మిదేళ్ళు ఆయన ఒక మెట్ల కింది దుకాణంలో, కంటికి భూతద్దం బిగించుకొని, చేతిగడియారాలు బాగుచేశారు. అన్నేళ్ళు ముళ్ళ మధ్య బతికినా ఎవరికీ గుచ్చుకోని స్వభావం ఆయనది. కాలక్రమంలో చెడిన గడియారాన్ని బాగుచేయించుకునేవారు తగ్గి, పారేసి కొత్తది కొనుక్కునేవారు పెరిగారు. ఒకప్పుడు గడియ తీరిక లేని ఆ దుకాణం తలుపుకు చివరకు గడియ పడింది. అటువంటి సమయంలో "ఓర్పు, చూపు గలవారు కావలెను, పూర్వ వృత్తి ఏదైనా సరే" అన్న మన ప్రకటన ఆయన కంటపడింది.

ఆయనకు అప్పగించిన మొదటి పని వస్తువులను కింద పడేయడం. పని పడేసేవారు ప్రతి కార్యాలయంలోనూ ఉంటారు గానీ, పడేయడమే పనిగా నియమితులైనవారు బహుశా వీరొక్కరే. వరండాలో బల్ల మీద కూర్చున్న సందర్శకుల ముందు నుంచి నడుస్తూ పెన్సిళ్ళ డబ్బాను పొరపాటున అన్నట్టు జారవిడవాలి. అపరిచితుడి కోసం ఎవరైనా వంగి ఏరిపెట్టారా లేదా అన్నది కాగితం మీద రాసుకోవాలి. మూడు నెలల తాత్కాలిక ఉద్యోగమది. రెండు వందల పన్నెండు సార్లు పడేస్తే వంగినవారు తొమ్మిది మంది. అప్పటి మన సంచాలకులైన పెద్దాయన విచారించి, ఈ ఊరివారు సాటి మనిషికి సాయపడరని నివేదిక సిద్ధం చేశారు. శుక్రవారం ఆ నివేదిక అచ్చుకు వెళ్ళాలి. అదే శుక్రవారంతో మాస్టారి గడువు కూడా ముగుస్తుంది.

బుధవారం ఉదయం ఇంట్లో ఫలహారం చేస్తుండగా మాస్టారి మోచేయి తగిలి చెంచా జారింది. అది నేలను తాకకముందే ఆయన చేయి దానిని అందుకున్నది. ఎదురుగా కూర్చున్న ఇల్లాలు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయారు.

"ఏమండీ, ఇంట్లో చెంచానే కింద పడనివ్వరు కదా, ఆఫీసులో పెన్సిళ్ళు ఎలా పడేస్తున్నారు?"

"పడేస్తాను. పడగానే ఏరేస్తాను."

"మీరే ఏరేస్తే ఇంకెవరు ఏరుతారండీ? పాపం, వాళ్ళని నడుమైనా వంచనివ్వరా?"

మాస్టారు చెంచా కింద పెట్టి, తినడం సగంలో ఆపి లేచారు. చిన్న స్క్రూ నేల మీద పడితే మళ్ళీ దొరకదు గనుక, పడిన మరుక్షణమే వంగడం తొమ్మిదేళ్ళుగా ఆయన చేతులకు అబ్బిన విద్య. ఊరు వంగకపోవడానికి కారణం ఊరు కాదు, తానే. ఈ సంగతి చెబితే గడువు పొడిగించరు, ఉద్యోగం ఉండదు. చెప్పకపోతే ఊరికి మచ్చ. ఆయన నేరుగా పెద్దాయన గదికి వెళ్ళారు.

"అంటే రెండు వందల పన్నెండు సార్లూ నువ్వే ఏరుకున్నావా?"

"తొమ్మిది తక్కువండీ."

"ఆ తొమ్మిది మంది ఎవరయ్యా మరి?"

"నాకంటే చురుకైనవాళ్ళు సార్."

పెద్దాయన నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగారట. "శుక్రవారంతో నీ గడువు అయిపోతుంది. తెలిసే చెబుతున్నావా?"

"తెలుసు సార్. కానీ జనం మంచోళ్ళే సార్. కాస్త టైమివ్వాలి, అంతే. నాలుగు సెకన్లు చాలు."

నివేదిక చిరిగింది, గడువు పెరిగింది. ఈసారి మాస్టారు డబ్బా పడేసి, చేతులు వెనక్కి కట్టుకొని, మనసులో నాలుగు వరకు లెక్కపెట్టారు. ఒకటీ రెండూ మరీ కష్టమయ్యేవని తరువాత చెప్పారు. రెండు వందల పన్నెండింటిలో నూట అరవై ఒక్కసార్లు ఎవరో ఒకరు వంగారు. నేటికీ మన కరదీపికలో మొదటి పుటను అలంకరిస్తున్న నాలుగు సెకన్ల నియమం అలా పుట్టింది.

తొంభై తొమ్మిదిలో పరిశీలకులుగా, రెండు వేల ఆరులో క్షేత్ర విభాగాధిపతిగా ఆయన పదోన్నతి పొందారు. పడేస్తూ పడేస్తూ పైకి వచ్చిన ఘనత వారిది. ఎవరు కొత్తగా చేరినా ఆయన అడిగే మొదటి ప్రశ్న, "ఇంతకుముందు ఏం చేసేవారు?" రైళ్ళ వేళల పట్టికలు తయారుచేసి వచ్చిన మన గణాంకాల మేడమ్, పదినిమిషాలు ఆలస్యంగా వచ్చిన సందర్శకులను రానివారి జాబితాలో వేసేవారు. "అమ్మా, మనుషులు పట్టాల మీద రారు" అని ఆమెకు నచ్చజెప్పింది మాస్టారే. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి వచ్చిన మన ప్రశ్నల అక్కయ్య, ఎదుటివారు నొప్పి అనగానే "అయ్యో" అనేవారు. ఆమె గదిలో అందరి నొప్పులూ రెట్టింపయ్యేవి. "అక్కయ్యా, నీ అయ్యో బయటికి వినపడనీకు" అని బతిమాలారు. "పాత పని మరిచిపోకండి. మిమ్మల్ని తప్పుదారి పట్టించేదీ అదే, దారిలో పెట్టేదీ అదే" అన్నది ఆయన నిత్యపాఠం.

ఇక ఈ వీడ్కోలు సంచికలో రాయకుండా దాటవేయాలని మనమందరం కోరుకునే సంగతి ఒకటున్నది. గత రెండేళ్ళుగా మాస్టారి కుడిచేయి వణుకుతున్నది. మోకాళ్ళు కూడా మొరాయిస్తున్నాయి. గత నవంబరులో, పింఛను కాగితాల మీద సంతకానికి ఆయన ఇల్లాలు కూడా వచ్చిన రోజున, అదే వరండాలో ఆయన చేతిలోని మాత్రల డబ్బీ జారి, మాత్రలన్నీ మన కాళ్ళ దగ్గరికి దొర్లాయి. అక్కడ ఏడుగురం ఉన్నాం. గణాంకాల మేడమ్ వాచీ చూసుకున్నారు. అక్కయ్య చేతులు వెనక్కి కట్టుకున్నారు. తక్కినవారం పరీక్షలో కూర్చున్న పిల్లల్లా బిగుసుకుపోయాం. ప్రయోగమనుకున్నాం! గోడను పట్టుకొని ఆయన నిలబడ్డారు. నాలుగు సెకన్లు గడిచాయి, పది గడిచాయి, ఇరవై గడిచాయి.

"ఏంటిది? మనిషి మాత్రలు పడిపోతే బొమ్మల్లా చూస్తున్నారేంటి? అందరికీ ఒకేసారి నడుములు పట్టేశాయా?" అంటూ ఆఫీసు గదిలోంచి ఆ అమ్మగారు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చొని ఒక్కొక్క మాత్రా ఏరారు.

"వాళ్ళననకు. ముప్ఫై ఏళ్ళుగా కావాలని పడేసింది నేనే కదా" అన్నారు మాస్టారు నవ్వుతూనే. అయితే ఇంటికి వెళ్ళే బస్సు దిగేముందు, "ఇరవై వరకు లెక్కపెట్టాను. ఒక్కరూ వంగలేదు" అన్నారట. జనం మంచోళ్ళని తన ఉద్యోగాన్నే పణంగా పెట్టి చెప్పిన మనిషి ఆ మాట అన్నారని, అమ్మగారు మరుసటి వారం మేడమ్‌కు ఫోనులో చెప్పారు. విన్న మనలో ఎవరికీ ఆ రోజు పని సాగలేదు.

పోయిన మంగళవారం, బాధ్యతల అప్పగింత పత్రం మీద సంతకం చేస్తుండగా మాస్టారి చేతిలోంచి కలం జారింది. తొమ్మిదిమందిమి ఒక్కసారిగా వంగాం. బల్ల కింద మేడమ్ తల అక్కయ్య తలకు, గుమాస్తాగారి తల బల్లకు, తక్కిన తలలు దొరికిన తలలకు ఢీకొన్నాయి. కలం ఎవరికి దొరికిందో ఇప్పటికీ తేలలేదు.

"ఒకటిన్నర సెకను" అన్నారు మాస్టారు, గోడగడియారం వంక చూసి.

నుదురు రుద్దుకుంటూ అక్కయ్య అడిగారు: "నిజం చెప్పండి మాస్టారూ, పడిందా, పడేశారా?"

"నీకెందుకమ్మా? వంగారు కదా" అని కలం అందుకొని ఆయన సంతకం పూర్తిచేశారు. ఆ సంతకం కాస్త వంకరగా ఉన్నది. కేంద్రం దస్త్రాలలో అంతకంటే నిటారైన సంతకం మరొకటి లేదు.

ఈ నెల ముప్ఫైవ తేదీన పదవీ విరమణ చేస్తున్న గడియారం మాస్టారు సంపూర్ణ ఆరోగ్యంతో, తమను మొదట సరిదిద్దిన ఇల్లాలి సాహచర్యంలో, ఏ గంటా లెక్కపెట్టనవసరం లేని సుదీర్ఘ కాలాన్ని ఆనందంగా గడపాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము. మాస్టారూ, ఇకపై మీ చేతిలోంచి ఏది జారినా నిశ్చింతగా జారనివ్వండి. అది ప్రయోగమా కాదా అని మేము అడగము.