మార్గరీతమ్మ కాళ్ల దగ్గర కుక్క

1991 ఫిబ్రవరి, కోదాడ. తెల్లవారితే పునీత మార్గరీతమ్మ పండుగ. కతోలిక గుడి వరండాలో తేరు మీది ఆమె స్వరూపానికి బంతిపూల దండలు కడుతున్న జపాలూ పాఠాలూ నేర్పే ఉపదేశి రాజారత్నం తల ఎత్తేసరికి, ఏళ్ల కిందట ఇల్లు విడిచిన కూతురు శాంతకుమారి నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఆయన ముందు చూసింది కూతుర్ని కాదు, రోడ్డుని.

“జర పక్కకు జరుగు. రోడ్డు మీదికెల్లి కనపడుతున్నవ్.”

“కనపడితే ఏమైతది నాయినా?”

“ఏమైతదో తెల్వదా? ఫాదర్ గారు వచ్చే యాళ్లయింది. తండా లారీ డ్రైవరుతోటి పోయినదానివి, ఏ మొకంతోటి వచ్చినవ్?”

“నీ మనవరాలిని తీస్కొచ్చిన.”

“మెల్లగ మాట్లాడు.”

“నిద్రల ఉన్నది. లేవదు.”

“నేననేది పిల్ల గురించి గాదు.”

“తెల్సు.”

“మిర్యాలగూడ నుంచి ఎప్పుడొచ్చినవ్?”

“నిన్న పొద్దుమూకినంక.”

“రాత్రి ఏడున్నవ్?”

“ఉన్న తియ్. ఒకరు రానిచ్చిన్రు.”

“ఎవరు? మనోళ్లా? నువ్వెవరని చెప్పినవ్?”

“భయపడకు. నీ ఇంట్ల ఉండనీకి రాలే. మిర్యాలగూడల సిస్టర్ల దవాఖానల పని దొరికింది, బతుకుతున్న. ఒక్కటే అడుగుత. రేపు తేరు ముంగట పిల్లలు తెల్లగౌన్లు తొడుక్కొని నడుస్తరు గద, అండ్ల దీన్ని నిలబెట్టు. ఎవరన్న అడిగితే నా మనవరాలు అని చెప్పు. గంతే. మా తాత ఎవరని రోజూ నా పానం తీస్తుంది.”

“గదెట్లయితది? గుడిల పెండ్లయినోళ్ల పిల్లలే నడవాలె. నియమం.”

“ఎవరు పెట్టిన్రు ఆ నియమం?”

“ఎవరు పెడితేంది? మార్గరీతమ్మ కన్నెపిల్ల. ఆమె తేరు ముంగట...”

“నాయినా.”

“ఏంది?”

“ఆమె కాళ్లకాడ గా కుక్క ఎందుకున్నది?”

“చిన్నప్పటి సంది చెప్తనే ఉన్న గద. గొర్లు కాసేది. గొర్ల కాడ కుక్క ఉంటది.”

“సిస్టరమ్మ నాకు ఆమె కథంత చెప్పింది.”

“ఏ సిస్టరమ్మ?”

“గొర్లూ లెవ్వు, కన్నె సుత గాదు. ఒక జమీందారు కొడుకుతోటి పెండ్లి గాకుండ ఏండ్లకేండ్లు ఉన్నది. కొడుకును కన్నది. ఆయన్ని ఎవరో అడవిల సంపేస్తే, గీ కుక్కనే వచ్చి, కొంగు పట్టి గుంజుకపోయి పీనుగను సూపెట్టింది. నిజమా, కాదా?”

“పూలు తొక్కుతున్నవ్.”

“నిజమా, కాదా?”

“...నిజమే.”

“నీకు తెల్సా?”

“తెల్వకుండ ఉంటదా? స్వరూపం వచ్చిన నాడే పాత ఫాదర్ గారు చెప్పిన్రు. గట్ల చెప్తే మనోళ్లు ఒక్కరన్న దండేస్తరా ఆమెకు? నాకే... నాకే సిగ్గనిపించింది. ఆమె పరువు కాపాడిన.”

“ఆమె దాసుకోలే గద. మెడకు తాడు కట్టుకొని, గుడిల అందరి ముంగట తన తప్పు తానే చెప్పుకున్నదట. ఆమెకు లేని దాపరికం నీకెందుకు?”

“ఇగ సాలు.”

“మోతీలాల్ లారీ సూర్యాపేట కాడ బోల్తా పడ్డ నాడు నాకు చెప్పనీకి కుక్క సుత రాలే నాయినా. అంత ఖతం అయినంక తండా నుంచి కబురొచ్చింది.”

“నాకూ తెల్సింది.”

“తెల్సి?”

“ప్రార్థన చేసిన.”

“జపాలు నేర్సుకుంటనని ఎన్ని ఆదివారాలు గుడి బయట నిలబడ్డడు ఆ మనిషి! లంబాడోడని నువ్వు లోపటికి పిలువలే. పిలిస్తే గీ గుడిలనే పెండ్లయ్యేది. నీ నియమం నిలబడేది.”

“శాన పెద్ద తప్పు. తెల్సు. రోజూ గీ స్వరూపం కింద నిలబడి పాఠం చెప్తుంటే తల ఎత్తబుద్ధి గాదు.”

“పిల్లగాన్ని సంకనేసుకొని మార్గరీతమ్మ పుట్టింటికి వస్తే ఏమైంది?”

“సిస్టరమ్మ చెప్పింది గద.”

“నీ నోటితోటి ఇందామని.”

“...తండ్రి తలుపేసిండు.”

“తర్వాత?”

“వేరే ఊర్ల ఇద్దరు ఆడోళ్లు ఇంట్లకు రానిచ్చిన్రు. ఆడనే ఉండి, రోగులకు సేవ జేసి పునీతురాలైంది.”

“తండ్రి?”

“తలుపేసినదాకనే ఉంటడు కథల. మళ్ల రాడు.”

“సరే నాయినా, పోత.”

“శాంతా.”

“పేరు వెట్టి పిలిసినవ్. ఇన్నేండ్లకు.”

“నిలబెడుత. పిల్లను నిలబెడుత. నా మనవరాలనే చెప్త. ఏడ్వకు, నువ్వేడిస్తే నాకు... ఆగు. గేటు సప్పుడైంది.”

“రానియ్.”

“ఆడోళ్ల సంఘం రేణుకమ్మ! ఊరంత చెప్తది. జర తేరు ఎనకకు పో.”

“పోను.”

“దండం పెడుత, పో!”

“ఉపదేశి గారూ! తెల్లగౌన్లు ఇస్త్రీ చేయించి తెచ్చినా. ఒక పిల్లకు జ్వరమంట, ఒక గౌను మిగిలింది. ఈమె ఎవరు?”

“ఈమెనా? ఎవరో రేణుకమ్మా. మిర్యాలగూడ నుంచి పండుగ సూడనీకి వచ్చిన్రంట.”

“పాప?”

“ఆమె పిల్లనే గావచ్చు. మన గుడోళ్లు గాదు.”

“మీకు తెలవదా?”

“తెల్వదు.”

“సరే. పా శాంతా, ఇంటికి పోదాం. రాత్రి మా ఇంట్ల కూడ పిల్ల సరిగ తినలేదు, మా చెల్లె పప్పన్నం కలిపి పెట్టింది. పొద్దున్నే తానం పోసి ఈ గౌను తొడుగుదాం. ఎవరన్నా అడిగితే, నా మనవరాలని చెప్తా.”