నీలం పోగు

కాపలా ఉద్యోగం చేసే భర్త గుండె ఆగి పోయిన రోజున ఆమె అతని రివాల్వరును ఖాళీ చేసి పెట్టెలో దాచింది. మూడు నెలల తర్వాత, దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించాల్సిన గడువు రోజున, ఒకసారి చూపిద్దామని అతని స్నేహితుడైన మేస్త్రీ నడిపే తుపాకుల మరమ్మతు కొట్టుకు తెచ్చింది. మేస్త్రీ గొట్టానికి వెనక తెల్ల కాగితం అడ్డుపెట్టి లోపలికి చూశాడు.

"అద్దంలా తుడిచావే చెల్లెమ్మా! బావ నేర్పాడా?"

"నేను ముట్టుకోలేదన్నయ్యా. ఆయన పోయిన రోజే తాళం వేశాను."

"నాతోనా హాస్యాలు? మూడు నెలలైతే నూనె జిడ్డు కట్టేది. ఇదింకా తడిగానే ఉంది."

"తాళంచెవి నా మెడలోనే ఉంది."

"మరి గొట్టంలో ఈ నీలం పోగో? పాత చొక్కా చింపి తుడవకు, పోగులు వదులుతుందని ఆ మొండిమనిషికి ఎన్నిసార్లు మొత్తుకున్నానో! ఆ చొక్కా ఇంకా ఉందా?"

"చివరి ముక్క ఆయన జేబులోనే పెట్టి సాగనంపాను."

మేస్త్రీ రివాల్వరును బల్ల మీద పెట్టాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"పోగు తీసేస్తానమ్మా. ఉంటే చెమ్మ పట్టి తుప్పు పడుతుంది."

"వద్దన్నయ్యా, ఉండనివ్వండి."

"ఇవాళ ఇచ్చెయ్యాలిగా?"

"ఒక్క వారం ఆగమని అడుగుతాను."

"వారంలో ఏం మారుతుంది తల్లీ?"

"ఆయన వారానికోసారి తుడిచేవారు. ఈసారి పెట్టెకు తాళం వెయ్యను."

అతను రివాల్వరును గుడ్డలో చుట్టి, కళ్లెత్తకుండా ఆమె చేతికిచ్చాడు.

అప్పగింత కాగితం మీద ఆమె సంతకం ఇంకా పడలేదు.