మిట్టమధ్యాహ్నపు ఏరు

ఇంకా ఎవరూ రాని కొత్త లైబ్రరీ హాల్లో, గోడకు తగిలించిన పెద్ద బొమ్మ ముందు అన్నాచెల్లెళ్లు. బొమ్మ వేసింది చెల్లెలు. అన్న, ఏటి గట్టున బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

"మార్చమనట్లేదమ్మా. కాస్త సర్దమంటున్నా, అంతే."

"రెండిటికీ తేడా ఏంటన్నయ్యా?"

"ఏరు ఎర్రగానే ఉండనీ, ఎవరొద్దన్నారు? ఆ సూర్యుణ్ణి కొంచెం కిందకి దించు, ఆకాశానికి నారింజ రంగు పులుము. సాయంత్రం అనుకుంటారు. నీ ఎరుపు నీకుంటుంది, మా ఓనరుగారి పరువు ఆయనకుంటుంది."

"బొమ్మలో సూర్యుడే లేడు."

"లేడా?"

"చూస్తే కదా. నీడలు చూడు. మేకల నీడ వాటి కాళ్ల కిందే ఉంది. ఇసక కళ్లు చెదిరేంత తెల్లగా ఉంది. దీన్ని సాయంత్రం చెయ్యాలంటే ఆకాశం ఒక్కటే కాదు, వెలుగంతా అబద్ధమాడాలి."

"అబద్ధమని అంత పెద్ద మాటెందుకు... పదకొండింటికి ఆయనొస్తారు. హాలు కట్టించింది ఆయన. తలుపు తియ్యగానే ఎదురుగా ఇది."

"ఎదురుగా ఉండాలనే ఇక్కడ పెట్టించాను."

"నన్ను పంపింది కూడా ఆయనే."

"తెలుసు. లేకపోతే నా బొమ్మలు చూడ్డానికి నువ్వెప్పుడొచ్చావు గనక."

"ఆ మాటనకు."

"మూడు నెలలు ఆ ఏటి గట్టునే కూర్చున్నానన్నయ్యా. పదింటికి అడుగున రాళ్లు కనపడేంత తేటగా ఉంటుంది. పన్నెండయ్యేసరికి గట్టు వెంట ఎర్రటి చార ఒకటి మొదలై ఏరంతా అల్లుకుంటుంది. రోజూ అదే టైముకి. నువ్వూ చూసే ఉంటావు."

"ఆ టైముకి నాకు పనుంటుంది."

"ఏం పని?"

"ఏదో పని. నా ఉద్యోగం పోతే?"

"పోతే పోనీ అని నేననలేను. నీ పిల్లలు నాకూ పిల్లలే. కానీ దీని మీద బ్రష్షు మాత్రం పెట్టను. కావాలంటే నువ్వే దించి పట్టుకుపో. నిచ్చెన అదిగో."

"నిచ్చెన పట్టుకో."

"నిజంగానే దించుతావా?"

"పట్టుకోమన్నానా... ఈ పైమూలన వేసింది మా ఫ్యాక్టరీ ప్రహరీగోడే కదా?"

"అవును. అందులోంచి ఏట్లోకి వచ్చే ఆ పైపూ మీ ఫ్యాక్టరీదే."

"పైపు దగ్గర మనిషెవరూ లేరేం?"

"రంగునీళ్లు వదిలేవాడు గోడ అవతల ఉంటాడు. నాకు కనపడడు. కనపడనిది నేను వెయ్యను."

"ఇప్పుడు కనపడుతున్నాడుగా. బ్రష్షు తియ్యి. రోజూ పన్నెండింటికి వాల్వు తిప్పేది నేనే. మొహం అందరూ గుర్తుపట్టేలా వెయ్యి."