రెండో మోకు

తాతబ్బాయని ఒకడుండేవాడంట, కల్లు గీసేవాడు. ఆ కాలవగట్టు తాడితోపులో ఆడంత ఎత్తు ఎక్కినోడు లేడంట. కింద నిలబడి చూస్తేనే మనకి మెడ పట్టేసే చెట్లుంటాయే, అయ్యన్నీ ఈడివే. మోకంటే తెలుసుగా ఏసుబాబూ, తాటినారతో పేనిన లావుపాటి తాడు. నడుంకీ చెట్టుకీ కలిపి అదేసుకుని, కాళ్ళకి బందం తగిలించుకుని, ఉడతలాగా పోయేవాడంట పైకి. చెట్టు తలమీది మొవ్వు దగ్గరికెళ్ళాక ఆ మోకు మీదే ఎనక్కి వాలి, రెండు చేతులూ ఒదిలేసి గీస్తాడు. అంటే ఏంటి, మనిషి ప్రాణం మొత్తం ఆ తాడు మీద ఉన్నట్టు అనుకో. ఆడు పైనుంచి కూనిరాగం తీస్తంటే కిందున్న ఆడోళ్ళు, “ఒరే తాతబ్బాయ్, మా ఇంటి కప్పు మీద పడమాక, నిన్ననే కప్పించాం” అని ఏళాకోళం ఆడేవాళ్ళంట.

ఏమైందంటే, చెట్టెక్కేవాడికి ఇవాళున్న కాళ్ళు రేపుంటాయని లేదు కదా. అందుకని ఆ ఊళ్ళో గీసేవాళ్ళంతా కలిసి ఓ ఒప్పందం పెట్టుకున్నారు. ఎవడన్నా పడి చచ్చినా, కాలో చెయ్యో పోయినా, మిగతావాళ్ళు తలా ఒక చెట్టు ఆడింటి పేరు మీద గీసి, ఆ కల్లు రోజూ పొద్దున్నే ఆ గుమ్మంలో పెట్టాల. ఎన్నాళ్ళు? ఆ ఇంట్లో పిల్లలు చేతికొచ్చేదాకా. ఊరికే కాదు మరి. గీత మొదలెట్టే రోజున అందరి మోకులూ ఓ చోట కుప్పేసి, పెద్ద గీతగాడు వీరాసామి ఒక్కొక్కణ్ణీ పిలిచి, మోకు మీద చెయ్యేయించి అడుగుతాడు. “కళ్ళు తిరుగుతున్నాయిరా?” “లేదు పెద్దా.” “మూర్ఛా గీర్ఛా ఏవన్నా ఉందా?” “లేదు పెద్దా.” “మోకు గట్టిదేనా?” “నువ్వు పేనిందేగా పెద్దా, నువ్వే చెప్పాల.” అందరూ ఒకటే నవ్వు. ఎందుకంటే ఊళ్ళో మోకులన్నీ వీరాసామే పేనతాడు. కొసన మూడు మెలికల ముడేస్తాడు, ఆ ముడి ఇంకోడికి రాదు. ఇప్పుడు అసలు సంగతి ఇనండి. ఉంది పెద్దా అన్నోణ్ణి ఎల్లగొట్టరు. పొట్టిచెట్లు ఇస్తారు. ఆడు పడినా ఆడింటికీ గీస్తారు, కాకపోతే తలా ఒక చెట్టు కాదు, ఇద్దరికి కలిపి ఒకటి. అంతే తేడా. నిజం చెప్పినోడికి గంజి ఉంటది, గొప్పే ఉండదు.

ఈ తాతబ్బాయి గొడవకి ముందేడు చిట్టెయ్యని ఒకడు పడ్డాడంట. ఆడికి ఒక కన్ను మసకేసింది. మట్ట ఉందనుకుని చెయ్యేశాడు, అక్కడ మట్ట లేదు. కాలు పోయింది. అప్పుడు కొందరు, “కళ్ళు బాగున్నాయని మోకు మీద చెప్పాడు కదా, ఈడికెందుకు గియ్యాల” అన్నారు. వీరాసామి ఏవన్నాడంటే, “కన్ను పోయిందని ఆడికే తెలీనప్పుడు మనకేం చెప్తాడ్రా? ఆడు చెప్పింది తప్పు మాటే గానీ అబద్ధం కాదు. అబద్ధవంటే తెలిసుండి చెప్పాల” అన్నాడంట. సరే అని తలా ఒక చెట్టు గీశారు. ఈ మాట గుర్తెట్టుకోండి, మళ్ళీ దీనితో పనుంది.

ఓరోజు తాతబ్బాయి పెరట్లో మొహం కడుక్కుంటా కడుక్కుంటా దబ్బున పడ్డాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకోడం, నోట్లో నురగ. పెళ్ళాం నూకాలు పరిగెత్తుకొచ్చి తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టి పట్టుకుంది. కాసేపటికి లేచి కూచుని, “నేనెందుకే బురదలో ఉన్నాను?” అంటాడు. “మూర్ఛయ్యా. ఎళ్ళి పెద్దకి చెప్పు.” “చెప్తే పొట్టిచెట్లిస్తాడే. నేను పొట్టిచెట్టు గీస్తంటే మేకలు కూడా నవ్వుతాయి.” “నవ్వితే నవ్వనీ. ఇద్దరాడపిల్లలున్నారు నీకు.” ఇన్నాడా? ఇన్లేదు. ఆర్నెల్లకి మళ్ళీ ఒచ్చింది. గీత మొదలెట్టే రోజొచ్చింది. “మూర్ఛా గీర్ఛా ఉందట్రా?” “లేదు పెద్దా.” బొంకేశాడు. చెయ్యి మోకు మీదే ఉంది, చూపు మాత్రం ఎటో కాలవకేసి ఉంది.

రెండేళ్ళు ఏవీ కాలేదు. మూడో ఏడు, పొద్దు బాగా ఎక్కాక, పైనుంచి ముంత ఒచ్చి ఠప్పున పగిలింది. దాని ఎనకాలే కత్తి. పక్క చెట్టు మీదున్న అబ్బులు తలెత్తి చూస్తే ఏవుంది, తాతబ్బాయి తలకిందులుగా ఏలాడతన్నాడు! అబ్బులు దిగి, ఈ చెట్టెక్కి చూశాడు. పెద్ద మోకు జారి కిందికి పోయింది. మరి మనిషెలా ఆగాడయ్యా అంటే, నడుం నుంచి మట్ట మొదలికి ఇంకో తాడు కట్టుంది. ఆ తాడే ఆపింది. ఆపింది గానీ కుడి చెయ్యి మట్టల మధ్యలో ఇరుక్కుని మెలిపడిపోయింది. నలుగురూ కలిసి దించారు. ప్రాణం ఉంది. చెయ్యి మాత్రం ఎండుకొమ్మలాగా ఏలాడిపోయింది, ఇంక కత్తి పట్టేది లేదు.

మర్నాడు అందరూ కూచున్నారు. ఎవరెవరు ఏ చెట్టు గియ్యాలో పంచుకుందాం అంటంటే, అబ్బులు ఆ చిన్న తాడు తెచ్చి మధ్యలో పడేశాడు. “ఇదేంటో చెప్పమనండి. మనలో ఎవడన్నా రెండో మోకు కడతాడా? చిట్టెయ్య మావ కట్టాడా? పడతానని ముందే తెలిసినోడు కడతాడు ఇది” అన్నాడు. చూడండి మరి, ఆణ్ణి బతికించిందీ అదే తాడు, పట్టించిందీ అదే తాడు. తాతబ్బాయి తలొంచుకుని, “అవును, మూడేళ్ళ నుంచీ మూర్ఛొస్తంది” అని ఒప్పేసుకున్నాడు. వీరాసామి తువ్వాలు దులిపి భుజాన ఏసుకున్నాడు. “తెలిసుండి మోకు మీద బొంకావు. నువ్వు ఉందని చెప్తే నీకా పొడుగు చెట్లు ఇచ్చేవాళ్ళమే కాదు. నీకు ఒక్క చెట్టు కూడా లేదు, ఎళ్ళు” అన్నాడంట. అంటే పొయ్యి మీద కుండ దించేసినట్టే కదా ఆ ఇంటికి.

అప్పుడు నూకాలు లేచింది. చిన్నదాన్ని చంకనేసుకునే లేచింది. ఆ తాడు తీసి కొస చూపించి, “ఈ ముడి ఎవరిది పెద్దా?” అంది. “నాదే. ఊళ్ళో తాళ్ళన్నీ నాయే, ముడీ నాదే ఉంటది, దానికేం?” “చెట్టుకేసే మోకు ఏడు మూరలుంటది. ఇది మూడు మూరలు. మూడు మూరల మోకు ఏ చెట్టుకి సరిపోద్ది పెద్దా?” అందరి మోకులకీ అదే ముడి కాబట్టి, ఎవడికీ కంటికి ఆన్లేదన్నమాట! నూకాలు మొగుడి కేసి తిరిగింది. “ఇది పేనించుకున్నప్పుడు ఏవన్నాడో చెప్పయ్యా.” తాతబ్బాయి గొణిగినట్టు, “నేనేం చెప్పలేదు, ఆయనేం అడగలేదు. నా నడుం కొలిచి పేనాడు. చేతికిస్తా ‘పైకెళ్ళాక గట్టిగా బిగించుకోరా’ అన్నాడు” అన్నాడు. నూకాలు ఆగితేనా! “ఈ తాడెందుకురా అని నువ్వెందుకు అడుగుతావు పెద్దా? అడిగితే ఆయన దిగిపోవాల. ఆయన దిగితే ఆ పొడుగు చెట్లు ఎక్కేవాడు లేడు. ఆటి తొలి ముంత ఎవరింటికెళ్ళేదో ఇక్కడెవరికి తెలీదు? మూడేళ్ళు తాగావు. మనిషి పడ్డాక గుర్తొచ్చిందా నీకు మూర్ఛ?”

అబ్బులు ఊరుకోలేదు. “పెద్దకి తెలిస్తే పెద్ద చూసుకుంటాడు. మాకు తెలీదు కదా, మేవెందుకు గియ్యాల?” అన్నాడు. అదీ సబబే అనుకో. కానీ మూల కూచున్న చిట్టెయ్య కర్ర పట్టుకుని ఒంటికాలి మీద లేచి, “ఒరే అబ్బులూ, గీత మొదలెట్టే రోజున అడిగింది నువ్వా? మనందరి బదులూ అడగమని ఈయన్ని మనవే కూచోబెట్టాం. ఈయనకి తెలిస్తే మనకి తెలిసినట్టే” అన్నాడంట. పొద్దుగూకే దాకా వాదులాడుకుని ఓ మాట మీదికొచ్చారు. తాతబ్బాయి నిజం చెప్పుంటే ఏదొచ్చేదో అదే ఇయ్యాల, ఇద్దరికి కలిపి ఒక చెట్టు. మిగతా సగం మాత్రం వీరాసామి గియ్యాల, తన సొంత చెట్లు. గీశాడంట ఆయన, ఆ వయసులో, కోడలు తిడతా ఉంటే. ఆ మర్నాడు పొద్దున్నే నూకాలు గుమ్మంలో ముంతలొచ్చినయ్యి. తాతబ్బాయి ఎడం చేత్తో లోపల పెట్టాడు, ఎవరి మొహం చూళ్ళేక గుమ్మం అవతలికి మాత్రం రాలేదంట. మరుసటేడు మోకుల కుప్ప దగ్గర కొత్త పద్ధతొచ్చింది. ముందు అడిగేవాడే చెయ్యేసి, “ఈళ్ళ సంగతి నాకు తెలిసి దాచింది ఏదీ లేదు” అనాల. ఆ తర్వాతే మిగతావాళ్ళని అడగాల.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఒరే ఏసుబాబూ, నీ గురించే. నిన్న ఇన్సూరెన్సబ్బాయి ఒచ్చి నీ అరుగు మీద కూచున్నప్పుడు నేను ఇక్కడే చేటలో బియ్యం ఏరతన్నా. నీ షుగరు బిళ్ళల అట్ట బల్ల మీదుంది. ఆ అబ్బాయి దాన్ని ఇలా ఏలితో పక్కకి జరిపి, అక్కడ కాగితం పెట్టి, ‘జబ్బులేం లేవు’ అన్నచోట టిక్కు కొట్టాడు. నువ్వు సంతకం పెట్టావు. నవ్వుతావేంట్రా? షుగరని రాస్తే ఇంకాస్త ఎక్కువ కట్టమంటారు, అంతేగా. రేపు నీకేదన్నా అయ్యి, మీ ఆవిడ ఆ ఆఫీసుకెళ్తే, నీ సంతకం చూపిస్తారు. ఆ ఏలు ఎవరు చూపిస్తారు? తాతబ్బాయికి ముడి దొరికింది. ఏలికి ముడుండదు. నేను చెప్దామంటే అప్పటిదాకా ఉంటానో లేదో. లే, ఎళ్ళి ఆ కాగితం దిద్దించుకురా. బిళ్ళల అట్ట కూడా పట్టుకెళ్ళు.