మూడోసారి లేవని ముల్లు

ఏవీ, ఆ మీటరు వైర్లు ఓసారి ఇలా ఇవ్వమ్మాయ్. స్విచ్చుబోర్డు ఎక్కడికీ పారిపోదులే. కొత్తవా? ఎర్రగా, నల్లగా ముద్దుగానే ఉన్నాయి. వెయ్యి వోల్టులు తట్టుకుంటాయని రాశాడు కూడానూ. రాయడానికేం, సిరా ఉంటే చాలు. ఇదిగో, వేలికి చుట్టి చూడు, ఎలా బిర్రబిగుసుకుందో. కంపెనీ వైర్లు, అదే మేం లీడ్లంటాం, మెత్తగా ఎక్కడ పడేస్తే అక్కడే పడుంటాయి, వేడి సోల్డరింగ్ కడ్డీ తగిలినా కరగవు. లోపల రాగిపోగులు వందల్లో ఉంటాయి. వీటిలో మహా అయితే పదో పన్నెండో. అసలు ప్రాణమంతా ఇక్కడ, చేత్తో పట్టుకునే పుల్లలోకి వైరు దూరే మెడ దగ్గర. మంచివాటికి ఇక్కడ రబ్బరు తొడుగు పొడుగ్గా ఉంటుంది, ఎంత వంచినా లోపల తెగదు. నవ్వకు. మీ తాత ముందు నవ్వుంటే తెలిసేది. నువ్వెక్కడ చూశావులే, ఆయన పోయేనాటికి మీ అమ్మకే నాలుగేళ్లు.

నాకు అక్క మొగుడే అయినా, పని నేర్పిన గురువు కూడా. బట్టల మిల్లులో ఇద్దరం ఎలక్ట్రీషియన్లం. ఆయనకో చాదస్తం ఉండేది. కరెంటు తీసేశాక కూడా లైను మీద ఊరికే చెయ్యి పెట్టడు. ముందు కరెంటున్న సాకెట్లో లీడ్లు పెట్టి మీటరు ముల్లు లేస్తోందా చూస్తాడు. తర్వాత పని చెయ్యాల్సిన లైను. అక్కడ లేవకపోతే మళ్లీ వెనక్కెళ్లి అదే సాకెట్లో చూస్తాడు. "ఒరే బామ్మర్దీ, మధ్యలో మీటరే నోరు మూసుకుందేమో, ఎవడికి తెలుసురా?" అని ముక్కుతో సాగదీసేవాడు. మిల్లంతా మూడుసార్ల మేస్త్రీ అనేవాళ్లు. ఆ లీడ్లని పసిపిల్లల్లా చూసుకునేవాడు, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అదే నా ఖర్మ. ఆ రోజు నాకు మోటార్ల దగ్గర పని పడింది. అడిగితే ఇవ్వడని అడగలేదు. ఆయన లీడ్లు పీకేసుకుని, నా చవకవి ఆయన మీటరుకి తగిలించా. రంగులు ఒకటేగా. ఆయన సాకెట్లో చూశాడు, ముల్లు లేచింది. నిచ్చెనెక్కి పై లైనుకి పెట్టాడు, లేవలేదు. ఎలా లేస్తుంది, పైన వైరు వంగింది, మెడ దగ్గర లోపల తెగింది. ఆయన తీసింది పక్క స్విచ్చని తర్వాత తెలిసింది. మూడోసారి చూడ్డానికి దిగబోతున్నాడమ్మా. భోజనానికి పిలవడానికొచ్చి కింద నుంచి నేనే అన్నా, "ఇంకా ఎంతసేపు బావా, భోజనం చల్లారిపోతోంది!" ఎన్నడూ నవ్వనివాడు నవ్వాడు. "సరేలేరా, నీ ఆకలి మండా" అని చెయ్యి పెట్టాడు.

మీటరు పాడైందక్కా అని మా అక్కకి చెప్పా. తను పోయేదాకా అదే నమ్మింది. సిగ్గేస్తోందమ్మా, నోరు విప్పి చెప్పడం ఇవాళే.

అదిగో, తలుపు పక్కన మేకుకి వేలాడుతోందే, ఆ మీటరే. ఎర్ర వైరు నేనే సగానికి కత్తిరించి పారేశా. ఆ మొండి ముక్క దేనికీ తగల్లేదు, చూశావుగా. అయినా ముల్లు లేస్తుంది. ఏంటీ, దెయ్యం వోల్టేజీయా? అది మీ అంకెల మీటర్లలోనమ్మా, గాల్లో ఉన్నా ఏవో అంకెలు చూపిస్తాయి. ఇది ముల్లు మీటరు, దానికి నిజం కరెంటు కావాలి. మొదటిసారి లేచినప్పుడు మీ అమ్మ తడిచేత్తో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పట్టుకోబోతోంది. ఇంకోసారి నేను ఫ్యాను విప్పుతున్నా, స్విచ్చు కట్టేశాననుకున్నా గానీ కట్టలేదు. లేచి పడుతుంది, మళ్లీ లేచి పడుతుంది. అంతే, రెండుసార్లే. మూడోది ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు. ఆ మూడోది నేను ఆపేశానుగా. అందుకే నాకు భయం, ఆయనింకా ఆ నిచ్చెన మీదే ఉన్నాడేమోనని.

మెయిన్ తీసేశానంటావా? ఏ మెయిను? మెట్ల కిందదా, గుమ్మం పక్కదా? ఉండు. మాట్లాడకు. అటు చూడు.

ఒకటి.

బోర్డు మీంచి చెయ్యి తియ్యమ్మా. తియ్యమంటున్నానా! రెండు. ఆ, అలా వెనక్కి రా, నా పక్కకి రా.

తొందరేం లేదు బావా. నింపాదిగా చూసుకో.

…మూడు.