చప్టా మీది పచ్చదీపం

మధ్యాహ్నం మూడూ నలభై. ఊరంతా ‘రేడియో’ అని పిలిచే రిపేరు మెకానిక్ కొట్లోకి అతని అక్క తడిసిన గొడుగుతోనే దూసుకొచ్చింది. ఆమె భర్త స్కూలు బస్సు డ్రైవరు. ఆ బస్సు రోజూ వాగు మీది చప్టా దాటాలి. దాటవచ్చో లేదో చెప్పే దీపాన్ని తయారుచేసినవాడు ఈ తమ్ముడే. ఇక మిగిలినది వాళ్ళ నోటి వెంటే వినండి. అక్కాతమ్ముళ్ళ మధ్య దూరిన మూడోవాడు ఎప్పుడూ బాగుపడలేదు.

“పచ్చగానే ఉంది కదక్కా. అదిగో, కొట్లో దీపం కళ్ళెదురుగా వెలుగుతోంది.”

“అదే అడుగుతున్నాను. పచ్చగా ఎందుకుంది?”

“వాగులో నీళ్ళు ప్రమాదం గీత దాటలేదు కాబట్టి.”

“పంపు ఆపరేటరు ఫోన్ చేశాడు. వాగు ఎగువన మోటారు గది మెట్లు మునిగిపోయాయట. చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాడట.”

“ఆయన మాటలకేం, పిల్లిని చూసి పులి అంటాడు.”

“మోటారు గది గట్టు మీదుంది. నీళ్ళు కొలిచే నీ సెన్సార్ దాని కింద, వాగులో పాతిన గొట్టంలో ఉంది. గట్టు మీద మెట్టు మునిగితే వాగులో గొట్టం మునగదా?”

“ఉండక్కా, ఆలోచించనీ.”

“ఆయన ఫోన్ చేసింది మూడున్నరకి. అక్కణ్ణుంచి చప్టాకి నీళ్ళు రావడానికి ఎంతసేపు పడుతుంది? నువ్వే చెప్పావు అప్పట్లో.”

“అరగంట.”

“అంటే నాలుగింటికి నీళ్ళు. నాలుగూ ఐదుకి బస్సు. చిన్నది అందులోనే ఉందిరా.”

“బావకి ఫోన్ చేశావా?”

“ఐదుసార్లు. స్టీరింగ్ పట్టుకుంటే ఫోన్ ముట్టడని నీకు తెలీదూ? నీకూ చేశాను, నువ్వూ ఎత్తలేదు.”

“డ్రిల్లు మోతలో వినపళ్ళేదు. స్కూలుకి చెయ్.”

“ఎంగేజ్. చినుకు పడితే ఆ ఫోను ఎప్పుడూ ఎంగేజే.”

“చప్టా దగ్గర కాపలాదారు...”

“ఏ కాపలాదారు? నీ దీపం పెట్టాక ఇంకెందుకని ఆయన్ని తీసేశారుగా.”

“అవును. మర్చిపోయాను.”

“ఇటు చూడు. ఆ సెన్సార్ చివరిసారి ఎప్పుడు మాట్లాడింది?”

“దానికి మాట్లాడే పని లేదక్కా.”

“పని లేకపోవడమేమిటి? మొదట్లో ఐదు నిమిషాలకోసారి చెప్పేదన్నావు. నేనున్నాను, నీళ్ళు ఇంత ఉన్నాయి అని.”

“మొదట్లో చెప్పేది. కానీ సిగ్నల్ చప్టా దాకా వచ్చేది కాదు. మధ్యలో వంపు, చెట్లు. యాంటెన్నా ఎత్తు పెంచాను, చాల్లేదు. అప్పుడు పవర్ పెంచాను.”

“పెంచితే?”

“బ్రహ్మాండంగా అందింది. కానీ నాలుగు రోజులకే బ్యాటరీ ఖాళీ. గట్టిగా అరిచేవాడికి ఆయాసం ఎక్కువ కదా, అలాగన్నమాట.”

“అలాగన్నమాట. తర్వాత?”

“తర్వాత... మాటలు తగ్గించాను. గీత దాటితేనే కేక వెయ్యి, లేకపోతే నోరు మూసుకుని పడుకో అని పెట్టాను. అప్పుడు బ్యాటరీ ఆర్నెల్లు వస్తుంది. లెక్క ప్రకారం.”

“కేక వినపడకపోతే దీపం ఏ రంగులో ఉంటుంది?”

“అక్కా, ఇప్పుడవన్నీ...”

“ఏ రంగు?”

“పచ్చ.”

“అంటే అది బతికున్నా పచ్చే, చచ్చినా పచ్చే.”

“చావదక్కా. పైన చిన్న సోలార్ పలక పెట్టాను.”

“ఎండ మొహం చూసి తొమ్మిది రోజులైంది.”

“లోపల సెల్స్ ఉన్నాయిగా.”

“కొత్తవేనా?”

“మంచివే.”

“కొత్తవేనా అని అడిగాను.”

“పాత లాప్‌టాప్‌లోవి. మీటర్ పెట్టి చూశాను, బానే చూపించింది. ఊరికే ఉన్నప్పుడు బానే చూపిస్తాయి. కేక వేసే క్షణంలో ఒక్కసారిగా లాగుతుంది, అప్పుడు... అప్పుడు కుంగిపోవచ్చు.”

“ఎప్పుడు చూశావు మీటర్ పెట్టి?”

“మొన్నే.”

“మొన్నంటే?”

“పోయిన నెల... కాదు, అంతకు ముందు నెల. వెళ్దామనే అనుకున్నాను. ఫ్యాన్ మోటార్లకి వైరు చుట్టే పని మీద పడి కుదర్లేదు.”

“సరే. ఇప్పుడు ఇక్కణ్ణుంచే దాన్ని పిలువు. ఉన్నావా, పోయావా అని అడుగు.”

“అడగలేం. వినడానికి కూడా బ్యాటరీ ఖర్చవుతుందని, చెవులు మూసేశాను.”

“నోరు కట్టేశావు, చెవులు మూసేశావు. మరి ఈ కొట్లో దీపం? ఇదైనా దాని మాట వింటుందా?”

“వినదు. ఇంతదూరం అందదు. అడిగినవాళ్ళకి చూపించడానికి పెట్టాను.”

“నెలల తరబడి పొద్దున్నే దీన్ని చూసి, పచ్చగా ఉందని చిన్నదాన్ని బస్సెక్కిస్తున్నాను. ఇటు తొంగి చూసి, నువ్వు టీ తాగుతుంటే చెయ్యూపి మరీ వెళ్ళేదాన్ని. నువ్వూ ఊపేవాడివి.”

“అక్కా, తిట్లు తర్వాత. స్పేర్ బోర్డు ఒకటుంది. దానికీ ఆ సెన్సార్ గుర్తింపు నంబరే ఇచ్చాను. ఇది కేక వేసినా చప్టా దీపం ఎర్రగా మారుతుంది.”

“ఏడిసినట్టుంది, ముందే చెప్పొద్దూ! వేయించు మరి.”

“ఇక్కణ్ణుంచి అందదు. మధ్యలో గోడౌన్ రేకులు అడ్డం. మలుపు దాకా వెళ్తే చాలు, అక్కణ్ణుంచి చప్టా దాకా నేరుగా మైదానమే. కిలోమీటరు లోపు.”

“స్కూటర్ మీద ఎంతసేపు?”

“పది నిమిషాలు. ఈ బురదలో పదిహేను.”

“ఇప్పుడు మూడూ నలభై ఆరు. కదులు!”

“సెల్స్ లేవు దీనికి. స్కూటర్ బ్యాటరీకి తగిలిస్తాను. కానీ నేరుగా తగిలిస్తే బోర్డు కాలిపోతుంది, మధ్యలో ఓల్టేజీ తగ్గించే ముక్క పెట్టాలి. రెండు నిమిషాలు. ఆ టార్చి ఇలా పట్టుకో, నీడ పడకుండా.”

“పట్టుకున్నాను, తొందరగా కానీ.”

“టార్చి ఇంకొంచెం కిందికి, అక్కా.”

“ఇదిగో. చెయ్ నువ్వు.”

“ఆ ఎర్ర వైరు. కాదు, పొడుగుది. సరే. ఇంకొకటి. అయిపోయింది. చూడు, చిన్న లైటు వెలిగింది. స్కూటర్ స్టార్ట్ చేస్తున్నాను, నువ్వు బోర్డు పట్టుకుని వెనకెక్కు, తడవకుండా కొంగులో పెట్టుకో.”

“ఉండు, ఉండు. ఫోను. మీ బావే.”

“స్పీకర్ పెట్టు!”

“హలో, ఏమండీ, బస్సు కదిలిందా? ఎక్కడున్నా ఆపండి, ముందు ఆపండి.”

“ఏమైందే? ఇన్ని మిస్డ్ కాల్సా?”

“వాగు పొంగింది. వీడి సెన్సార్ చచ్చింది. చప్టా మీద దీపం పచ్చగానే ఉంటుంది, దాన్ని నమ్మకండి.”

“ఓస్, అంతేనా.”

“అంతేనా ఏమిటండీ?”

“ఆ దీపాన్ని నేనెప్పుడు నమ్మాను కనక?”

“బావా, ఏమంటున్నావు?”

“నువ్వూ అక్కడే ఉన్నావా. సరే, ఏమనుకోకు బామ్మర్దీ. మొదటి రోజు నుంచీ చప్టా ముందు బస్సు ఆపుతాను. సీటు కింద కర్ర ఒకటుంది. దిగి, నీళ్ళలో గుచ్చి చూసుకుంటాను. పిక్క దాటితే బండి వెనక్కి తిప్పుతాను. పోయిన నెల రెండుసార్లు తిప్పాను కూడా.”

“అప్పుడు... అప్పుడు దీపం ఏ రంగులో ఉంది బావా?”

“నీ దీపానికి వచ్చింది ఒకటే రంగు.”

“మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం?”

“ఏమని చెప్పమంటావు? పేపర్లో నీ ఫొటో పడింది. అత్తయ్య దాన్ని ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. స్కూల్లో పెద్దమేడం పిల్లల ముందు నీ పేరు చెప్పి చప్పట్లు కొట్టించింది. రోడ్డు పని జరుగుతోంది, అందుకే తిప్పానని చెప్పాను. నీ పరువు నా చేతుల మీదుగా పోవడం ఎందుకని.”

“నాకు చెప్పొచ్చుగా అండీ. నాకు కూడానా?”

“నీకు చెబితే నువ్వు వాణ్ణి బతకనిస్తావా?”

“ఒరేయ్, స్కూటర్ ఆపెయ్. ఆ మోతలో ఏం వినపడట్లేదు.”

“ఆపేశానక్కా.”

“ఆ స్టూలు ఇలా జరుపు. కాసేపు కూర్చోనీ. దేవుడా.”

“బావా, నన్ను పిలిచి నాలుగు తన్నినా ఇంతకన్నా బాగుండేది.”

“తంతాలే, తొందరేముంది. రేపు ఆదివారమేగా. ఇద్దరం వెళ్ళి ఆ గొట్టం బయటికి తీద్దాం. రోజుకొకసారన్నా అది ‘ఉన్నాను’ అనేట్టు చెయ్. వినపడకపోతే ఎర్రగా వెలగాలి. నాకు రేడియో తెలీదు గానీ ఆ మాత్రం తెలుసు.”

“అలాగే బావా. అలాగే చేస్తాను. నేనే పాపం నెత్తిన పెట్టుకున్నాను.”

“ఊరుకో ఇంక. కొట్లో కూర్చుని ఏడవకు, జనం చూస్తారు.”

“ఏమండీ.”

“ఊఁ.”

“మీ వెనకాల పిల్లల గోల వినపడట్లేదేం?”

“అంటే...”

“ఈపాటికి బస్సు కదిలి ఉండాలి. బస్సు తోలుతూ మీరు ఫోన్ ఎత్తరు. మీరే చేశారు నాకు.”

“కోప్పడనంటే చెబుతాను.”

“ఎక్కడున్నారు మీరు?”

“కంటి డాక్టరు దగ్గర. లైసెన్సుకి పరీక్ష చేయించుకోవాలి. పొద్దున్నే చెబితే చూపు తగ్గిందా, ఉద్యోగం పోతుందా అని కంగారు పడతావని చెప్పలేదు. కళ్ళల్లో చుక్కలు వేశారు. అంతా మసక. అందుకే నీ కాల్స్ కూడా చూసుకోలేదు, ఇప్పుడు నర్సమ్మ చూసి చెప్పింది.”

“మరి బస్సు?”

“నీళ్ళ ట్యాంకర్ తోలేవాడున్నాడు కదా, ఇవాళ్టికి అతను. మంచి చెయ్యి, భయం లేదు.”

“అతనికి ఫోన్ చెయ్యండి, ఇప్పుడే.”

“ఎత్తడు. పిల్లలున్న బండిలో ఫోన్ ఆపెయ్యాలని పొద్దున నేనే ఒట్టు పెట్టించుకున్నాను.”

“కర్ర సంగతి చెప్పారా అతనికి?”

“వాడికి నోరు ఆగదే. ఒక్క ట్రిప్పు నీళ్ళు పోసేలోగా ఊరంతా చెప్పేస్తాడు.”

“మరి వాగు దగ్గర ఏం చెయ్యమన్నారు?”

“మా బామ్మర్ది చేసిన దీపం ఉంది, పచ్చగా ఉంటే కళ్ళు మూసుకుని దాటెయ్ అన్నాను.”